ఈ శుభవచనమేమిటో

నజరేతులో గబ్రియేలు దూత మరియ ఉన్న చోటికి వచ్చి ముందుగా చేసిన పని ఆమెను పలకరించడం. "దయాప్రాప్తురాలా నీకు శుభము, ప్రభువు నీకు తోడైయున్నాడు" అన్నాడు. ఆ తర్వాత లూకా రాసిన మాటను చాలామంది గబగబా చదివేసి ముందుకు వెళ్లిపోతారు. "ఆమె ఆ మాటకు బహుగా తొందరపడి ఈ శుభవచనమేమిటో అని ఆలోచించుకొనుచుండగా" (లూకా 1:29). అప్పటికి కొడుకు పుడతాడన్న కబురు చెప్పనేలేదు. దావీదు సింహాసనం ఊసే రాలేదు. మరియ ఉలిక్కిపడిందీ, ఆగి ఆలోచించిందీ ఒక్క పలకరింపు గురించి.

డిసెంబరు వచ్చిందంటే అమెరికాలో ఏటా వాదన లేచేదీ పలకరింపు గురించే. నలుగురిలో ఉన్నప్పుడు "మెర్రీ క్రిస్మస్" అనాలా, ఏ పండుగ పేరూ ఎత్తకుండా "హ్యాపీ హాలిడేస్" అనాలా? 2005లో ఇది బాగా ముదిరింది. "హ్యాపీ హాలిడేస్" వాడుతోందని వాల్‌మార్ట్ మీద కొన్ని క్రైస్తవ సంస్థలు నిరసన తెలిపాయి. 2006లో ఆ దుకాణాలు మళ్లీ "మెర్రీ క్రిస్మస్"కు వచ్చాయి. వాషింగ్టన్‌లో చట్టసభల భవనం ముందు నిలబెట్టే చెట్టును కొన్నేళ్లు "హాలిడే ట్రీ" అని పిలిచి, ఆ 2005లోనే తిరిగి "క్రిస్మస్ ట్రీ" అన్నారు. ఇంతా చేసి, 2017లో ప్యూ పరిశోధన కేంద్రం అడిగితే 52 శాతం మంది అమెరికన్లు దుకాణంలో తమను ఎలా పలకరించినా ఫర్వాలేదన్నారు. వాదించేవాళ్ల గొంతు పెద్దది, వాళ్ల లెక్క తక్కువ. అయినా అక్కడ స్థిరపడ్డ తెలుగు విశ్వాసుల ఇళ్లలో ఇది నిజమైన ప్రశ్నే. ఆఫీసు మెయిలు కింద ఏం రాయాలి, బడిలో టీచరుకు పంపే కార్డు మీద ఏముండాలి, క్రీస్తు పేరు ఎత్తకపోతే ఆయన్ను ఎరుగనని అన్నట్టవుతుందా అన్న దిగులు చాలామందికి ఉంది. ఆ దిగులును తేలిగ్గా తీసిపారేయకూడదు. దానికి జవాబు వాక్యంలోనే వెతకాలి.

గబ్రియేలు నోట లూకా పెట్టిన గ్రీకు మాట "ఖైరె". అక్షరార్థం "సంతోషించు" అని. వాడుకలో మాత్రం అది ఆ రోజుల్లో గ్రీకు మాట్లాడే ఎవరైనా ఎవరికైనా చెప్పే మామూలు పలకరింపు. బజారులో ఎదురైనా అదే, ఉత్తరం మొదలుపెట్టినా అందులోంచి పుట్టిన మాటే. యాకోబు తన పత్రికను "అన్యదేశములయందు చెదిరియున్న పండ్రెండు గోత్రముల వారికి శుభమని చెప్పి" మొదలుపెట్టాడు. అపొస్తలుల కార్యాలు 23వ అధ్యాయంలో పౌలును అధిపతియైన ఫేలిక్సు దగ్గరికి పంపుతూ క్లౌదియ లూసియ అనే రోమా సైనికాధికారి రాసిన ఉత్తరం కూడా సరిగ్గా అదే మాటతో మొదలవుతుంది. ఆయన క్రీస్తును ఎరిగినవాడు కాడు. యెరూషలేము సంఘపు పెద్ద యాకోబుకూ, రోమా అధికారికీ పలకరింపు ఒకటే. లోకంలో అంత అరిగిపోయిన మాటను దేవదూత నోట పెట్టడానికి లూకా సందేహించలేదు.

మత్తయి సువార్తలో ఇదే మాట ఇంకో మూడు చోట్ల వస్తుంది, అవి పక్కపక్కన పెట్టి చదివితే ఒళ్లు జలదరిస్తుంది. గెత్సేమనే తోటలో యూదా "బోధకుడా, నీకు శుభము" అని ముద్దుపెట్టుకున్నాడు. ముళ్ల కిరీటం పెట్టాక సైనికులు "యూదుల రాజా, నీకు శుభము" అని మోకాళ్లూని వెక్కిరించారు. ఆదివారం ఉదయం ఖాళీ సమాధి నుంచి పరుగెత్తుతున్న స్త్రీలకు ఎదురొచ్చి యేసు "మీకు శుభము" అన్నాడు. మాట ఎక్కడా మారలేదు. ఒకచోట అది అప్పగింత, ఒకచోట అపహాస్యం, ఒకచోట పునరుత్థానపు మొదటి పలుకు. సైనికులైతే "రాజు" అన్న సరైన బిరుదు కూడా కలిపే పలికారు. బిరుదు సరిగ్గా ఉన్నంత మాత్రాన పలకరింపు సరైనదైపోదని ఆ వచనం చెబుతోంది. పళ్లు బిగించి, ఎదుటివాడికి బుద్ధి చెప్పడానికి విసిరే "మెర్రీ క్రిస్మస్" ఈ నాలుగు పలకరింపుల్లో దేనికి దగ్గరగా ఉందో ఆలోచించుకోవాలి.

ఇప్పుడు "మెర్రీ క్రిస్మస్" అన్న మాట చరిత్రకు వద్దాం. చాలా పాత ఆధారాల్లో అందరూ చూపించేది 1534 డిసెంబరు 22న రాసిన ఒక ఉత్తరం. రాసినది ఇంగ్లండులోని రోచెస్టరు బిషప్పు జాన్ ఫిషర్. రాజు ఎనిమిదో హెన్రీ వారసత్వ చట్టానికి ప్రమాణం చేయనన్నందుకు ఆ ఏడాది వసంతంలో ఆయన్ను లండన్ టవర్ జైల్లో వేశారు. వయసు 65కు అటూ ఇటూ. ఎవరికి రాశాడంటే, రాజుగారి తరఫున ఈ వ్యవహారమంతా నడిపిస్తున్న థామస్ క్రామ్‌వెల్‌కు. ఉత్తరంలో అడిగినవి చిన్న చిన్నవి: తొడుక్కోవడానికి చొక్కా లేదు, ఉన్న బట్టలు సిగ్గుపడేంతగా చిరిగిపోయాయి, ముసలి కడుపు కొన్ని రకాల తిండే పట్టుకుంటోంది, ఈ పరిశుద్ధ దినాల్లో ఒప్పుకోలు వినడానికి ఒక గురువును పంపండి, భక్తికి కొన్ని పుస్తకాలు ఎరువిప్పించండి. ఆఖర్న, మన ప్రభువైన దేవుడు మీకు సంతోషకరమైన, ఆదరణగల క్రిస్మస్‌ను మీ మనసు కోరినట్టు పంపును గాక అని దీవించి ముగించాడు. ఆరు నెలల తర్వాత, 1535 జూన్ 22న, ఆయన తల తీశారు.

చలికాలం, చిరిగిన బట్టలు, ఎదుట మరణం. అటువంటి చోటి నుంచి, తనను అక్కడ ఉంచినవాడికే ఆ దీవెన వెళ్లింది. క్రామ్‌వెల్ దాన్ని ఏ భావంతో చదివాడన్నది ఫిషర్ చేతిలో లేదు. బదులు అదే మాట చెప్పమని అడిగినట్టూ లేదు.

ఆ వాక్య నిర్మాణం కూడా గమనించదగ్గది. అది పూర్తి వాక్యం, దానికి కర్త ఉన్నాడు. "ప్రభువైన దేవుడు పంపును గాక" అని. తర్వాత్తర్వాత జనం నోట నలిగి కర్త జారిపోయాడు, క్రియ జారిపోయింది, "మెర్రీ క్రిస్మస్" అన్న రెండు ముక్కలు మిగిలాయి. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అచ్చువేయించిన మొదటి క్రిస్మస్ కార్డు నాటికే కార్డు మీద ఉన్నది ఈ పొట్టి రూపం. అంటే దేవుడి పేరు పలకరింపులోంచి పోయింది ఈ మధ్య "హ్యాపీ హాలిడేస్" వల్లనే అనుకోవడం సరికాదు. మనం పట్టుదలగా కాపాడుతున్న మాటలోనే దీవించేవాడి పేరు ఎప్పుడో రాలిపోయింది. దీనికి ఇంట్లో చేయదగిన సాధన ఒకటుంది. "క్రిస్మస్ శుభాకాంక్షలు" అని నోటితో చెప్పేటప్పుడు ఫిషర్ రాసిన కర్తను, క్రియను మనసులో కలుపుకోవడం. "ప్రభువు ఈమెకు పంపును గాక." రెండు సెకన్ల పని. పది మందికి అలా చెప్పాక పదకొండో మనిషితో విసురుగా పలకడం కష్టమవుతుంది, చేసి చూడండి.

ఇంకో సంగతి. "మెర్రీ" అంటే సంతోషకరమైన అని. మన ఫ్లెక్సీల మీద, వాట్సాప్ బొమ్మల మీద "మేరీ క్రిస్మస్" అని దీర్ఘంతో కనిపిస్తుంది. అలా రాస్తే అది మరియమ్మ పేరైపోతుంది. "మె" హ్రస్వం, "ర్రీ" ద్విత్వం. మన సంఘాల్లో వాడుక ఎటూ "హ్యాపీ క్రిస్మస్" కాబట్టి అదే రాసుకున్నా లోటు లేదు. బ్రిటన్‌లోనూ అది మామూలే. అలాగే "ఎక్స్‌మస్" అని కనిపిస్తే క్రీస్తును కొట్టేశారని కోప్పడేవాళ్లున్నారు. అందులోని "ఎక్స్" ఇంగ్లీషు అక్షరం కాదు, గ్రీకులో "ఖ్రిస్తోస్" అన్న పేరులోని మొదటి అక్షరం "ఖీ". రెండు గీతలు అడ్డంగా దాటుకున్నట్టు ఉంటుంది. తొలినాటి లేఖకులు కొత్త నిబంధన ప్రతులు రాసేటప్పుడు ప్రభువు పేరును ఇలా కుదించి పైన గీత గీసేవారు, అది భక్తితో చేసిన పని. అయితే తెలియనివాళ్లు నొచ్చుకుంటారు కనుక సంఘపు కార్డు మీద పూర్తి పేరు రాయడమే మేలు.

మరి "హాలిడే"? పాత ఇంగ్లీషులో అది "హోలీ డే", పరిశుద్ధ దినం. సెలవు అన్న అర్థం తర్వాత వచ్చింది, పరిశుద్ధ దినాన పని మానేవారు కనుక. మనవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. "హ్యాపీ హాలిడేస్"ను "సెలవుల శుభాకాంక్షలు" అని తెలుగు చేసుకుంటే నిజంగానే బోసిగా ఉంటుంది. సెలవు అంటే బడి లేకపోవడం, లేదా వీడ్కోలు. సరైన తెలుగు "పండుగ శుభాకాంక్షలు". ఆ మాట మనకు కొత్తా కాదు, చేదూ కాదు. "పండక్కి ఊరెళ్తున్నారా" అని జనవరిలో అడిగితే అది సంక్రాంతి అని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఏ పండుగో పేరు చెప్పకుండా పలకరించడం తెలుగునాట ఎన్నడూ ఎవరినీ అవమానించడం కాలేదు. డిసెంబరులో కేకు అటు వెళ్లడం, సంక్రాంతికి అరిసెలు ఇటు రావడం, ఏ ఇంటి పండుగ పేరు ఆ ఇంటివాళ్లతో చెప్పడం మన వీధుల్లో పాత అలవాటు. అమెరికా వాదనను అదే వేడితో ఇక్కడికి దిగుమతి చేసుకోనక్కర్లేదు.

పేరు ఎత్తనివాడు క్రీస్తుకు శత్రువన్న మాట చరిత్ర ముందు నిలవదు. మసాచుసెట్స్ వలస రాజ్యంలో 1659లో చేసిన చట్టం ప్రకారం క్రిస్మస్ రోజున పని మానేసినా, విందు చేసినా 5 షిల్లింగుల జరిమానా. ఆ చట్టం చేసినవాళ్లు రోజూ బైబిలు చదివే ప్యూరిటన్లు. లేఖనంలో ఆజ్ఞ లేని పండుగ, పైగా తాగుడుకూ అల్లరికీ సాకు అన్నది వాళ్ల వాదన. 1681లో దాన్ని తీసేశారు. స్కాట్లండ్‌లో 1958 దాకా క్రిస్మస్ సెలవు దినం కాదు, అది కూడా భక్తిపరుల ప్రభావమే. మన తెలుగు సంఘాల్లోనూ డిసెంబరు 25ను ప్రత్యేకంగా ఆచరించని విశ్వాసులున్నారు. వాళ్ల గురించీ, ఆచరించేవాళ్ల గురించీ పౌలు ఒకే వచనంలో తేల్చాడు. "ఒకడు ఒక దినముకంటె మరియొక దినము మంచి దినమని యెంచుచున్నాడు, మరియొకడు ప్రతి దినమును సమానముగా ఎంచుచున్నాడు, ప్రతివాడు తనమట్టుకు తానే తన మనస్సులో రూఢిపరచుకొనవలెను" (రోమా 14:5). "తనమట్టుకు తానే" అన్న మాట కింద గీత గీసుకోవాలి. నా మట్టుకు నేను రూఢిపరచుకోవాలి. నాకు సరుకులు సంచిలో వేసి ఇస్తున్న అమ్మాయి మనసును రూఢిపరచడం నా పని అని ఆ వచనంలో లేదు.

"హ్యాపీ హాలిడేస్" వెనక ఉన్న పండుగల్లో ముఖ్యమైనది యూదుల హనుక్కా. ఈ పండుగకూ మనకూ ఉన్న సంబంధం చాలామందికి తట్టదు. యోహాను 10:22, 23 తీసి చూడండి. ఆలయ ప్రతిష్ఠిత పండుగ యెరూషలేములో జరుగుతోంది, అది శీతకాలం, యేసు సొలొమోను మంటపంలో తిరుగుతున్నాడు. ఆ ప్రతిష్ఠిత పండుగే హనుక్కా. పాడుచేయబడిన దేవాలయాన్ని యూదా మక్కబీ కాలంలో తిరిగి శుద్ధిచేసి ప్రతిష్ఠించిన జ్ఞాపకం. అది మోషే ధర్మశాస్త్రంలో లేని పండుగ. అయినా ప్రభువు ఆ దినాల్లో అక్కడే ఉన్నాడు, ఆ చలిలో, ఆ జనం మధ్య. తన పొరుగింటి యూదుడికి "హ్యాపీ హనుక్కా" చెప్పే క్రైస్తవుడు విశ్వాసం విడిచి ఎక్కడికో పోవడం లేదు, తన ప్రభువు నడిచిన మంటపంలోనే ఒక అడుగు వేస్తున్నాడు.

చెప్పేటప్పుడు తేదీ చూసుకోవాలి. హనుక్కా 8 రోజులు, ముందురోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, యూదుల పంచాంగం ప్రకారం కనుక మన లెక్కలో ఏటా తేదీ మారుతుంది. 2024లో డిసెంబరు 25 సాయంత్రమే మొదలైంది, 2025లో డిసెంబరు 14 సాయంత్రం, 2026లో డిసెంబరు 4 సాయంత్రం. క్రిస్మస్ వారంలో అందరికీ ఒకేసారి పంపుదామనుకుంటే చాలా ఏళ్లలో వాళ్ల పండుగ అయిపోయాక చేరుతుంది. ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలు కొన్ని జరుపుకునే క్వాంజా డిసెంబరు 26 నుంచి జనవరి 1 వరకు. ఇథియోపియా, రష్యా, సెర్బియా సంఘాల విశ్వాసులకు క్రిస్మస్ జనవరి 7న. వాళ్లు మనలాగే క్రైస్తవులు, వాళ్లకు డిసెంబరు 25న చెప్పి ఊరుకోకుండా జనవరి 7న మళ్లీ ఒక మాట చెబితే ఎంత సంతోషిస్తారో చెప్పలేం. సంఘ పంచాంగాన్ని కచ్చితంగా పాటిస్తే మన పండుగ కూడా 24 రాత్రి మొదలై జనవరి 5 దాకా 12 రోజులు నడుస్తుంది, 6న ఎపిఫనీ, జ్ఞానులు శిశువైన యేసును దర్శించిన జ్ఞాపకం. అంతకుముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం, ఎదురుచూపు. డిసెంబరు 1 నుంచే శుభాకాంక్షలు మొదలుపెట్టి, 26 ఉదయానికి స్టార్ దించేసే మన అలవాటులో పండుగకు ముందే పలకరింపు అరిగిపోతోంది. 27న ఎవరికైనా "క్రిస్మస్ శుభాకాంక్షలు" చెప్పి చూడండి, ఆగి వింటారు.

చట్టం సంగతి. ఇందులో అపోహలు ఎక్కువ, కాబట్టి కొంచెం వివరంగా. అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది. మీ ఇంటినీ, మీ సంఘాన్నీ, ప్రైవేటు దుకాణాన్నీ కాదు. 1984లో రోడ్ ఐలండ్‌లోని పాటకెట్ పట్టణం కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో యేసు జననాన్ని చూపుతూ ఆ పట్టణం పెట్టిన పశువుల తొట్టె దృశ్యాన్ని ఉండనిచ్చింది. దాని చుట్టూ శాంటా ఇల్లు, జింకలు, చెట్టు, "సీజన్స్ గ్రీటింగ్స్" అన్న బ్యానరు ఉన్నాయి. 1989లో పిట్స్‌బర్గ్ కేసు. కోర్టు భవనం లోపలి ప్రధానమైన మెట్ల మీద తొట్టె దృశ్యం ఒక్కటే పెట్టారు, దాని పైన దేవదూత చేతిలో లాటిన్ బ్యానరు, "సర్వోన్నతమైన స్థలములలో దేవునికి మహిమ" అని. అది ప్రభుత్వం ఒక మతాన్ని ఎత్తిపట్టడమే అని కోర్టు 5-4 తో తీసేయమంది. అదే తీర్పులో ఇంకో భవనం బయట 45 అడుగుల క్రిస్మస్ చెట్టు పక్కన నిలబెట్టిన 18 అడుగుల హనుక్కా దీపస్తంభం ఉండవచ్చంది.

ఈ రెండు కేసులను పక్కపక్కన పెట్టుకుని ఒక్క నిమిషం ఆగాలి. పాటకెట్‌లో క్రైస్తవులు గెలిచారనే అందరూ అంటారు. అక్కడ తొట్టె నిలిచింది జింకల మధ్య ఒక అలంకరణ కనుక. పిట్స్‌బర్గ్‌లో అది పోయింది లూకా 2:14 అక్కడ ఉన్నది ఉన్నట్టు పలికింది కనుక. ప్రభుత్వ స్థలంలో నిలవాలంటే దేవదూతల పాట ఎంత మెత్తబడాలో ఆ తీర్పులు చూపించాయి. ఆ పాటను అలా పలచన చేసి గెలిపించుకోవడం కంటే మన ఇంటి గుమ్మం మీద, మన సంఘం ఆవరణలో, మన నోటితో పూర్తిగా పాడుకోవడం మేలు అన్నది ఈ వ్యాసం అభిప్రాయం. గొర్రెల కాపరులు ఆ పాట విన్నది పొలంలో. హేరోదు కోటకు దాని బ్యానరు కట్టాలని ఎవరూ ఆదేశించలేదు.

ప్రభుత్వ బడిలో పిల్లలు తమలో తాము "మెర్రీ క్రిస్మస్" చెప్పుకోవడానికి ఎక్కడా అడ్డులేదు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సస్‌లో 2013లో దీనికోసమే ఒక చట్టం చేశారు. టీచర్లు, పిల్లలు "మెర్రీ క్రిస్మస్", "హ్యాపీ హనుక్కా", "హ్యాపీ హాలిడేస్" ఏదైనా చెప్పుకోవచ్చు. బడిలో దృశ్యం పెడితే మాత్రం ఒక మతం గుర్తుతో పాటు ఇంకో మతానిదో, మతంతో సంబంధం లేనిదో మరొకటి ఉండాలి. ఫలానా విశ్వాసంలోకి రమ్మనే మాటలు ఉండకూడదు. కాబట్టి "బడిలో మా బాబును క్రిస్మస్ అననివ్వడం లేదట" అన్న ఫార్వర్డు వస్తే సంఘం గ్రూపులో పెట్టేముందు ఆ బడికి ఫోను చేసి కనుక్కోవాలి. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ వాట్సాప్‌కూ వర్తిస్తుంది.

ఆఫీసులో ఒకటే గీటురాయి. ఎవరి తరఫున మాట్లాడుతున్నారు? కంపెనీ పేరుతో అందరికీ వెళ్లే మెయిలైతే "హ్యాపీ హాలిడేస్" సరైన మాట. ఆ మెయిలు వెళ్లే జాబితాలో యూదులు, ముస్లిములు, హిందువులు, ఏ నమ్మకమూ లేనివాళ్లు ఉంటారు, మాట కంపెనీది, మీది కాదు. మీ పేరుతో, మీకు తెలిసిన మనిషికి రాసేదైతే సంకోచం లేకుండా "క్రిస్మస్" అని రాయండి. కార్డులు రెండు రకాలు కొనుక్కోవడం మంచిది, సగం క్రిస్మస్‌వి, సగం ఖాళీవి. ఖాళీదానిలో పేరు పెట్టి చేత్తో రెండు వాక్యాలు రాస్తే అచ్చు శుభాకాంక్ష కంటే విలువైనదవుతుంది. కార్డుతో పాటు ట్రాక్టు, అంటే సువార్త కరపత్రం, పెట్టాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కింది ఉద్యోగికి పై అధికారి ఇచ్చే ట్రాక్టు ఒత్తిడి అవుతుంది, ఎంత ప్రేమతో ఇచ్చినా సరే.

దుకాణంలో అమ్మాయి "హ్యాపీ హాలిడేస్" అంటే "థాంక్యూ, మెర్రీ క్రిస్మస్" అని మామూలు గొంతుతో ఒకసారి అనండి, నవ్వండి, అక్కడితో సరి. "క్రిస్మస్ అనాలమ్మా" అని దిద్దవద్దు. ఆమె మేనేజరు చెప్పమన్న మాట చెబుతోంది, పొద్దుటి నుంచి నిలబడే ఉంది, మీ వెనక వరుసలో ఇంకా జనం ఉన్నారు. ఉదయాన్నే గట్టిగా అరిచి స్నేహితుణ్ణి దీవిస్తే అది శాపంగా లెక్కవుతుందని సామెతలు 27:14 హెచ్చరిస్తోంది. దీవెన పాడయ్యేది మాటవల్ల కాదు, వేళ తెలియకా, గొంతు పెరిగీ. యేసు శిష్యులకు నేర్పిన పద్ధతి వేరు. "ఈ యింటికి సమాధానమగు గాక అని మొదట చెప్పుడి" అన్నాడు, సమాధాన పాత్రుడు లేకపోతే "అది మీకు తిరిగి వచ్చును" అన్నాడు (లూకా 10:5, 6). మొదట చెప్పాల్సింది మనం. పుచ్చుకోకపోతే ఆ దీవెన నేలపాలు కాదు, మన దగ్గరికే తిరిగి వస్తుంది. ఇక గొడవపడటానికి ఏం మిగిలింది?

రెండో యోహాను పత్రికలో "శుభమని వానితో చెప్పను వద్దు" అని ఉంది కదా అని కొందరు అడుగుతారు. అక్కడ ఉన్నది క్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోకుండా బోధిస్తూ ఊరూరా తిరిగే బోధకుల గురించి. ఆ రోజుల్లో సంఘం ఇళ్లలో కూడేది, ఇంట దించుకోవడమంటే బోధకు వేదిక ఇవ్వడమే. పొరుగువాడి గురించీ, తోటి ఉద్యోగి గురించీ కాదు. వాళ్ల గురించి ప్రభువు మాట వేరే ఉంది. "మీ సహోదరులకు మాత్రము వందనము చేసినయెడల మీరు ఎక్కువ చేయుచున్నదేమి?" (మత్తయి 5:47).

పనిచోట పలకరింపు ఎలా ఉండాలో చూపే వచనం రూతు గ్రంథంలో ఉంది, దాన్ని క్రిస్మస్ కాలంలో ఎవరూ చదవరు. బోయజు పొలానికి వచ్చి "యెహోవా మీకు తోడై యుండునుగాక" అని కోతవాళ్లను పలకరించాడు (2:4). ఆసామి ముందుగా కూలివాళ్లను పలకరించాడు. ఆ చేలో పరదేశపు మోయాబు పిల్ల రూతు పరిగె ఏరుకుంటోంది, మధ్యాహ్నం ఆమెను పిలిచి రొట్టె చిరకలో ముంచుకోమని పెట్టాడు, కడుపు నిండాక మిగిలేంతగా. పలకరింపు పగటికల్లా పళ్లెం అయింది. బోయజు ఆ పొద్దున ఎక్కడి నుంచి వచ్చాడని రాసి ఉందో చూడండి. బేత్లెహేము నుంచి.

"మీకు తోడై యుండునుగాక." గబ్రియేలు "శుభము" తర్వాత పలికిందీ అదే, "ప్రభువు నీకు తోడైయున్నాడు." ఈ రెండో సగం అవసరమయ్యే ఇళ్లు ప్రతి సంఘంలో ఉంటాయి. ఆ ఏడు మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు. మన తెలుగు కుటుంబాల్లో ఆ ఏడాది స్టార్ కట్టరు, కొత్తబట్టలు తొడగరు, పిండివంటలు చేయరు. అక్కడికి క్యారల్స్ బృందం డప్పుతో వెళ్లి "హ్యాపీ క్రిస్మస్" అని అరిస్తే, దుఃఖంలో ఉన్నవాడికి పాటలు వినిపించడం చలిరోజున ఒంటిమీది బట్ట లాగేయడం వంటిదన్న సామెతలు 25:20 మాట నిజమవుతుంది. క్యారల్స్ జాబితా వేసేటప్పుడే ఆ ఇళ్లకు పక్కన గుర్తు పెట్టుకోవాలి. డప్పు వీధి మలుపులోనే ఆపి ఇద్దరు ముగ్గురే లోపలికి వెళ్లాలి, పెద్దవాళ్లు ఎవరైనా ఒకరు ఉండేలా చూసుకోవాలి. వాళ్లతో మెర్రీ వద్దు, హ్యాపీ వద్దు. "ప్రభువు మీకు తోడైయున్నాడమ్మా" అని, తెచ్చిన భోజనం క్యారేజీ వంటింట్లో పెట్టి, కూర్చోమన్నచోట కూర్చుని, వాళ్లు పోయినవాళ్ల కబుర్లు మొదలుపెడితే ఫోను చూసుకోకుండా వినాలి.